సైకిల్ తొక్కితే మోకాళ్లు అరుగుతాయా? బెజవాడ రోడ్ల మీద నేను రోజూ వినే అపోహలు

తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ మీద సైకిల్ ఆపి నీళ్లు తాగుతుంటే, వాకింగ్‌కి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు పలకరిస్తారు. "ఎంత దూరం వెళ్తారండీ?" అని మొదట అడుగుతారు. ఆ వెంటనే "మోకాళ్లు నొప్పులు రావా?" అంటారు. భవానీపురం నుంచి పన్నెండేళ్లుగా తొక్కుతున్నాను, ఈ రెండో ప్రశ్న మాత్రం మారలేదు. ముచ్చటపడి సైకిల్ కొన్నవాళ్లు మూడు నెలలు తిరక్కుండానే దాన్ని బాల్కనీలోకి చేర్చేస్తున్నారు. వాళ్లకు ఓపిక లేక కాదు. ఎవరో చెప్పిన మాట నమ్మి తప్పుగా తొక్కి, నొప్పి తెచ్చుకుని మానేస్తున్నారు. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అపోహ: నలభై దాటాక సైకిల్ తొక్కితే మోకాళ్లు అరిగిపోతాయి.

వాస్తవం: నడకలో, పరుగులో ఒంటి బరువు మోకాళ్ల మీద పడుతుంది. సైకిల్ మీద ఆ బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది. మోకాలికి దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లతో ఫిజియోథెరపిస్టులు కదలని సైకిల్ తొక్కించేది అందుకే. మరి నొప్పి ఎందుకు వస్తుంది? నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం రెండే: సీటు కిందికి ఉండటం, గేరు బరువుగా ఉండటం.

మా వీధిలో ఒక మాస్టారు రిటైరయ్యాక గేర్ల సైకిల్ కొన్నారు. నెల తిరిగేసరికి మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలైంది. "ఇక అమ్మేస్తానోయ్" అన్నారు. "ఒక్కసారి ఎక్కి కూర్చోండి మాస్టారూ" అని కాంపౌండ్ గోడ పట్టుకోమన్నాను. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయి. కొన్న రోజు షాపులో అలాగే పెట్టి ఇచ్చారట, పడిపోకుండా ఉండాలని. అంత కింద కూర్చుంటే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు బాగా ముడుచుకుంటుంది, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది.

పెడల్‌ని అట్టడుగుకు తెచ్చి, దాని మీద మడమ పెట్టమన్నాను. అలా పెట్టినప్పుడు కాలు నిటారుగా రావాలి. తర్వాత మామూలుగా తొక్కేటప్పటిలా పాదం ముందు భాగం పెడితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మాస్టారికి రెండంగుళాలు పైకి లేపాల్సి వచ్చింది. సీటు రాడ్డు మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనపడేంత లేపకూడదు. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే సీటు మరీ ఎత్తయిందని అర్థం.

"ఇంత ఎత్తులో ఆపేదెలా?" అని ఆయన భయపడ్డారు. ఆపేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి, సైకిల్‌ని ఒక పక్కకు వంచి కాలు పెట్టాలి. సందులో పది సార్లు చేయించాను. గేరు కూడా తేలిక చేసుకోమన్నాను. నిమిషానికి 80 నుంచి 90 సార్లు పెడల్ తిరిగితే మోకాలికి సుఖం. అంత రాకపోయినా 70 దాటితే చాలు. మూడు వారాలకు ఆయన నొప్పి మాట ఎత్తడం మానేశారు. అయితే మోకాలు వాచి ఉన్నా, ఇదివరకే అరుగుదల ఉందని తేలినా ముందు డాక్టర్‌కి చూపించుకోండి. సీటు సరిచేస్తే అన్ని నొప్పులూ పోవు.

అపోహ: రొప్పుతూ తొక్కితేనే ట్రైనింగ్, మెల్లగా తొక్కితే షికారు.

వాస్తవం: ఎక్కువమందితో సైకిల్ మాన్పించేది ఈ మాటే. ప్రతి రైడూ పందెంలా తొక్కితే కాళ్లకు కోలుకునే వ్యవధి దొరకదు, మూడో వారానికి విసుగు పుడుతుంది. పెద్ద పెద్ద పోటీల్లో తొక్కేవాళ్లు కూడా ట్రైనింగ్‌లో ఎక్కువ భాగం తేలిగ్గానే తొక్కుతారు. కొలత చాలా సులువు. పక్కన తొక్కేవాళ్లతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. ఈ వేగంలో గుండె బలపడుతుంది, కండరాలు కొవ్వుని వాడుకోవడం నేర్చుకుంటాయి. వారానికి నాలుగు రైడ్లుంటే ఒక్కటే గట్టిగా తొక్కండి. గుంటూరు వాళ్లకైతే దానికి కొండవీడు ఘాట్ రోడ్డు ఉంది.

దూరాల సంగతి కూడా ఇంతే. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తిచేస్తే చాలు, పందెం కాని దూరపు రైడ్) అంటే అందరూ హడలిపోతారు. దానికిచ్చే గడువు పదమూడున్నర గంటలు. టీ, టిఫిన్, పంక్చర్ అన్నీ కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లు పడితే పూర్తయిపోతుంది. అక్కడ కావలసింది వేగం కాదు, ఆగకుండా మెల్లగా సాగే అలవాటు.

అపోహ: బెజవాడలో తొక్కడానికి దారులెక్కడున్నాయి? అంతా ఎండ, దుమ్ము, లారీలు.

వాస్తవం: బెంజి సర్కిల్‌లో నిలబడి చూస్తే అలాగే అనిపిస్తుంది. బ్యారేజీ దాటి సీతానగరం దగ్గర కుడివైపుకు తిరిగి చూడండి. 1957లో కట్టిన ఆ బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. దాన్ని దాటేలోపే ఊరి హోరు వెనకబడిపోతుంది. అక్కడి నుంచి కృష్ణ కరకట్ట. ఒక పక్క నది, ఒక పక్క అరటి తోటలు, కూరగాయల మళ్లు. సీజన్‌లో పెనుమాక వైపు పూలతోటల మీదుగా వచ్చే గాలికి కాసేపు తొక్కడం ఆపి నిలబడాలనిపిస్తుంది. ఉండవల్లి గుహలు దారిలోనే. లోపల శయనించిన అనంత పద్మనాభుణ్ణి చూడాలంటే మాత్రం ఇంకోసారి తీరిగ్గా రండి. పొద్దున మనం వెళ్లే వేళకు తెరిచి ఉండదు.

ఓపికుంటే అలాగే నది వెంట అమరావతి దాకా. ఒకవైపే 30 కిలోమీటర్ల పైన ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు మొదటి నెలలో పెట్టుకోవద్దు. కరకట్ట కొన్నిచోట్ల సన్నం, పైగా ఇసుక లారీలు తిరుగుతాయి. అందుకే వెనక ఎర్ర లైటు లేకుండా నేనెవర్నీ వెంట రానివ్వను. సంక్రాంతి ముందు రోజుల్లో నది మీద మంచు దట్టంగా పడుతుంది, అప్పుడు ముందు లైటు కూడా వేసుకోవాలి.

కొండపల్లి వైపు వెళ్తే ఇబ్రహీంపట్నం దగ్గర గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం చూడవచ్చు. కానీ హైవే మీద లారీల మధ్య తొక్కాలి, కొత్తవాళ్లకు వద్దంటాను. గుంటూరులో ఉన్నవాళ్లకు ఉప్పలపాడు మంచి రైడ్. చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు తెల్లవారుజామున చేసే గోల వినాల్సిందే.

అపోహ: ఎండాకాలంలో నీళ్లు ఎక్కువ తాగితే చాలు.

వాస్తవం: చెమటలో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఒక మే నెలలో మంగళగిరి వెళ్లి ఆలస్యంగా తిరిగొస్తూ మూడు బాటిళ్ల నీళ్లు తాగాను. అయినా తాడేపల్లి వచ్చేసరికి తల దిమ్మెక్కింది, వాంతి వచ్చేలా అయింది. రోడ్డు పక్కన మజ్జిగ అమ్మే పెద్దావిడ నా ముఖం చూసి "కూచో నాయనా" అని నీడకు లాగి, ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగించింది. అరగంటకు తేరుకున్నాను. అప్పటినుంచి గంట దాటే రైడ్‌లో ఒక బాటిల్ నీళ్లు, ఒక బాటిల్ ఓఆర్‌ఎస్ ఉంటాయి. లీటరు ప్యాకెట్ అంటే లీటరు నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలపకూడదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్‌ని అడగండి. రోహిణీ కార్తెలో నేను ఏడింటికల్లా ఇంట్లో ఉంటాను.

అపోహ: సీటు ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం.

వాస్తవం: అరగంటకైతే నిజమే. రెండు గంటలకు ఆ మెత్తదనం లోపలికి కుంగి, నరాల మీద ఒత్తుకుని తిమ్మిరి పుడుతుంది. కాస్త గట్టి సీటు, ప్యాడ్ ఉన్న షార్ట్స్ మేలు. ఆ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుళ్లు పడతాయి.

అపోహ: టైరులో గాలి రాయిలా ఉండాలి.

వాస్తవం: టైరు పక్కన రాసిన అంకె గరిష్ఠం, మనం అక్కడిదాకా కొట్టనక్కర్లేదు. మన గతుకుల రోడ్ల మీద కాస్త తగ్గిస్తేనే సైకిల్ ఎగిరెగిరి పడకుండా సాగుతుంది.

అపోహ: వెళ్లేటప్పుడు బాగానే వెళ్లాను, వచ్చేటప్పుడు నా స్టామినా అయిపోయింది.

వాస్తవం: చాలాసార్లు అది మీ స్టామినా కాదు, గాలి. వెళ్లేటప్పుడు వెనకనుంచి తోసిన గాలి మనకు తెలియదు, మన బలమే అనుకుంటాం. తిరిగేసరికి అదే ఎదురవుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది కాబట్టి ఎదురుగాలితో పోట్లాడితే ఓడిపోతాం, గేరు తగ్గించుకోవాలి. బయల్దేరేముందు బ్యారేజీ మీద ఒక్క నిమిషం ఆగి నీళ్ల వైపు చూడండి. చిన్న అలలు ఎటునుంచి వస్తున్నాయో, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ముందు అటు వెళ్లండి.