వార్డెన్ సంతకం పెడితే సమ్మతి దొరికినట్టేనా?

"ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) లెటర్ వచ్చింది మేడం, సర్పంచ్ గారు సరే అన్నారు, హాస్టల్ వార్డెన్ సంతకం కూడా అయిపోయింది. ఇక డేటా తీసుకోవడమే." ఏటా ఎవరో ఒక రీసెర్చ్ స్టూడెంట్ ఫోన్ చేసి ఇదే చెబుతారు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు చుట్టుపక్కల గోండు, కొలాం గూడేల్లో పదిహేనేళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి, మిగతావి ఎలా ఉన్నా ఈ ఒక్కటి గట్టిగా చెబుతాను.

అపోహ: పెద్దలు ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టే.

వాస్తవం: పట్ల (ఊరి పెద్ద) దగ్గరికో, గోండుల పంచాయితీ అయిన రాయి సెంటర్ పెద్ద సార్‌మేడి దగ్గరికో ముందు వెళ్లాల్సిందే, అది మర్యాద. ఆయన సరే అంటే మీరు ఊళ్లోకి రావచ్చని, అంతే. తన ఇంటి సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆ ఇంటి మనిషి ఇష్టం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు కూడా పెద్దల అనుమతి వ్యక్తి సమ్మతికి బదులు కాదనే అంటాయి.

2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టు గుర్తుంది కదా? భద్రాచలం వైపు హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు కూడా అందులో ఉన్నారు. 2010లో ఆపేశారు. విచారణలో 9,543 సమ్మతి పత్రాలు తిరగేస్తే 2,763 వార్డెన్లో హెడ్మాస్టర్లో సంతకం చేసినవే. అమ్మానాన్నలను అడిగినవాళ్లు లేరు. (టీకా వల్లే పిల్లలు చనిపోయారన్న వాట్సాప్ ఫార్వర్డులు దయచేసి నాకు పంపకండి. విచారణ అలా తేల్చలేదు. తప్పు జరిగింది సంతకాల దగ్గర.)

సొంత సంతకమో, వేలిముద్రో పడినంత మాత్రాన సమ్మతి అనుకోవద్దు. నా మొదటి ఏడాది ఒక ముసలమ్మ గంటసేపు జొన్నల గురించి చెప్పింది, టీ ఇచ్చింది. నేను ఇంకు ప్యాడ్ మూత తీయగానే చెయ్యి కొంగులో దాచేసుకుంది. "భూమి పోతదా అని అడుగుతోంది" అన్నాడు మనవడు. ఆ ముసలమ్మ నాయన ఒకప్పుడు షావుకారు కాగితం మీద వేలిముద్ర వేసి చేను పోగొట్టుకున్నాడట. అలాంటివి ఎన్నో జరిగాకే కదా ఆదివాసీ ప్రాంతాల భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చింది! ప్యాడ్ మూసేశాను. థీసిస్‌లో ఆ ఇంటర్వ్యూ లేదు. ఇప్పుడు గోండిలో చదివి వినిపిస్తాం, మాతో సంబంధం లేని సాక్షిని కూర్చోబెడతాం, నోటిమాట సమ్మతిని రికార్డు చేస్తాం. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి, ఊరికెళ్లాక కాదు.

వద్దంటే థీసిస్ పోతుందని టెన్షన్ పడకండి. ఎంతమంది వద్దన్నారో, ఎందుకన్నారో రాయండి. అదీ డేటానే. నా గైడ్ ఈ మాట ముందే చెప్పి ఉంటే నాకు రెండేళ్ల నిద్ర మిగిలేది.

మిగతా అపోహలు గబగబా. పేరు మారిస్తే గోప్యత ఉన్నట్టేనా? నలభై ఇళ్ల గూడెంలో "అరవై ఏళ్ల దేవారి (ఊరి పూజారి)" అంటే ఎవరో చంటిపిల్లాడైనా చెబుతాడు. గోండి తెలుగుకు యాస కాదు, వేరే ద్రావిడ భాష. అంగన్‌వాడీ టీచర్‌ను పక్కన పెట్టుకుని బాలింతను కాన్పు గురించి అడిగితే, టీచరమ్మకు నచ్చే జవాబులే వస్తాయి. డబ్బులివ్వడం తప్పని కొందరంటారు. కూలి పోగొట్టుకుని మీ ముందు కూర్చున్న మనిషికి ఆ రోజు కూలి ఇవ్వకపోవడమే తప్పు.

దీపావళి ముందు గోండుల దండారి పండగ రోజుల్లో సర్వేకు వెళ్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. ఊళ్లకు ఊళ్లే చుట్టాలుగా తిరుగుతుంటాయి. పిలిస్తే వెళ్లి భోజనం చేయండి, గుస్సాడీ ఆట చూడండి. నెమలి ఈకల టోపీ ముట్టుకోకండి, ఫోటోకు ముందు అడగండి. ఫారాలు బ్యాగులోనే ఉండనివ్వండి.