రెండా, ఎనిమిదా? నాపరాయి నేలలో నీటి లెక్క

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల వైపు పక్కపక్కనే రెండు బోర్లు వేస్తే ఒకదాంట్లో జల పడడం, రెండోదాంట్లో దుమ్ము లేవడం వింతేమీ కాదు. కింద ఉన్నది నార్జి సున్నపురాయి. మన ఇళ్లలో పరిచే నాపరాయి ఇదే. నీరు ఈ బండలో ఉండదు, దాని పగుళ్లలో ఉంటుంది. ఆ పగుళ్లను నీరే లక్షల ఏళ్లు కరిగించుకుంటూ పోతే బెలుం గుహలయ్యాయి. వాటి గురించి 1884లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. 1982, 83లలో గుహల అన్వేషకుడు గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపలికి దిగి శోధించింది. గుహల పొడవు 3,229 మీటర్లు. అట్టడుగున, పాతాళగంగ దగ్గర, ఇప్పటికీ నీరు పారుతుంది.

ఇలాంటిచోట ఏటా ఎంత వాన ఇంకుతుందో ఎలా లెక్క కట్టాలి? చేతిలో ఉన్న సూత్రాలు చాలావరకు ఇసుకలోనో ఒండ్రులోనో పుట్టినవి. 1856లో ఫ్రెంచ్ ఇంజినీరు డార్సీ నేలలో నీటి పారకాన్ని చెప్పే తన సూత్రాన్ని ఇసుక నింపిన గొట్టంతో రాబట్టాడు. వానను బట్టి ఇంకుడును చెప్పే 1936 నాటి చతుర్వేది సూత్రం గంగా యమునల మధ్య మైదానానిది. బెత్తెడు మట్టి, ఆ కింద బండ ఉన్న నేలకు అది అరువు తెచ్చుకున్న చొక్కా లాంటిదే.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 1970ల నుంచి మట్టిలోకి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఎక్కించి, వానాకాలం వెళ్లాక అది ఎంత లోతు దిగిందో చూసి ఇంకుడును అంచనా వేస్తూ వచ్చారు. పైనీరు కిందినీటిని తోసుకుంటూ వరుసగా దిగుతుందన్నది ఆ పద్ధతికి ఆధారం. పగులు దొరికిన నీరు వరుసలో నిలబడదు, ఒక్క జడివానకే జారిపోతుంది. ఆ వాటా ఈ లెక్కకు చిక్కదు.

సర్కారీ లెక్కకు 1984లో భూగర్భ జలాల అంచనా కమిటీ పద్ధతి వచ్చింది. 1997లో, 2015లో దాన్ని సవరించారు. 1997 పట్టికలో సున్నపురాయి మీద పడే వానలో ఇంకేది 6 శాతం. పక్కనే చిన్న మినహాయింపు: గుహలున్న సున్నపురాయికి ఇది వర్తించదు. అసలు చిక్కు ఆ మినహాయింపులోనే ఉంది.

రెండో దారి బావి మట్టం. వానలకు మట్టం పెరిగిన ఎత్తును విస్తీర్ణంతో, రాయి నీరు వదిలే శాతంతో గుణించాలి. ఆ శాతం మామూలు సున్నపురాయికి 2, కరిగి బొరియలు పడినదానికి 8. ఒక చదరపు కిలోమీటరులో మట్టం 3 మీటర్లు పెరిగిందనుకుందాం. 2 వేస్తే 60 వేల ఘనపు మీటర్లు, 8 వేస్తే 2 లక్షల 40 వేలు. వానాకాలంలో తోడినది వేరే కలుపుతారు, దాన్ని పక్కన పెడదాం. మిగతా నెలల్లో రైతులు లక్ష తోడితే, మొదటి లెక్కలో అది అతిగా తోడేసిన నేల. రెండో లెక్కలో సగం కూడా వాడని నేల. బావి ఒకటే, వాన ఒకటే! నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం వచ్చాక ఈ తేడా కాగితానికి పరిమితం కాలేదు. అతిగా తోడినట్టు ప్రకటించిన ఊళ్లో కొత్త బోరుకు అడ్డు పడుతుంది.

పైగా మట్టం కొలిచే బోరు ఎక్కడ పడిందన్న పేచీ ఉండనే ఉంది. పగులు మీద పడితే ఒక్క వానకే మట్టం ఎగబాకుతుంది, నిండు బండలో పడితే కదలనట్టే ఉంటుంది. నాపరాయి గని గోడ దగ్గర వానాకాలంలో నిలబడితే ఇది కంటికే తెలుస్తుంది. పొర మీద పొర, అన్నీ పొడిగా ఉంటాయి. ఒక్క సందులోంచి మాత్రం సన్నగా ధార కారుతుంటుంది.