షట్టర్ తెరిచి ఉన్నప్పుడు కారు ఎంత దూరం పోయింది?

పాత కార్ల ర్యాలీని మొదటిసారి ఫొటో తీయడానికి వెళ్లినప్పుడు కెమెరాలోకి వెలుగును రానిచ్చే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే షట్టర్ స్పీడ్‌ను 1/1000 సెకను దగ్గర పెట్టి ఇక దాన్ని ముట్టుకోలేదు. కారు వేగంగా వస్తోంది కాబట్టి షట్టర్ కూడా వేగంగా ఉండాలనుకున్నాను. ఫొటోలన్నీ అద్దంలా వచ్చాయి. గుండ్రటి హెడ్‌లైట్లు, తళతళలాడే రేడియేటర్, డ్రైవర్ పెట్టుకున్న కళ్లజోడు, దేనికీ వంక పెట్టడానికి లేదు. ఇంట్లో చూపిస్తే, "బాగానే ఉంది గానీ, రోడ్డు మధ్యలో ఎందుకు పార్క్ చేశారు?" అని అడిగారు. మళ్లీ చూస్తే నిజమే. ఆ కారుకున్న కర్ర చక్రాల్లో చువ్వలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. మొత్తం పన్నెండు. చువ్వలు లెక్కకు అందుతుంటే ఆ చక్రం తిరుగుతోందని ఎవరు నమ్ముతారు?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 16.7 మీటర్లు దాటుతుంది. సెకనులో వెయ్యో వంతులో అది జరిగేది 1.7 సెంటీమీటర్లు, అంటే వేలెడు వెడల్పు. అదే 1/125 సెకనులో 13 సెంటీమీటర్లు, 1/60లో 28, 1/30లో 56. 1/15కు వచ్చేసరికి మీటరు దాటిపోతుంది. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకున్నాక నాకు షట్టర్ స్పీడ్ కాలంలా కనిపించడం మానేసింది. ఇప్పుడు దాన్ని సెంటీమీటర్లలోనే చూస్తాను.

కెమెరాను కదపకుండా పట్టుకుని 1/30 దగ్గర తీస్తే ఆ 56 సెంటీమీటర్ల మేర కారే చెదిరిపోతుంది. వెనక చెట్లు, గోడలు మాత్రం చక్కగా వస్తాయి. అలా కాకుండా కారుతో పాటే కెమెరాను తిప్పితే లెక్క తలకిందులవుతుంది. కారు ఫ్రేములో ఒకే చోట నిలబడుతుంది, ప్రపంచం దాని వెనక నుంచి జారిపోతుంది. దీన్నే ప్యానింగ్ అంటారు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఫొటోలో వెనక దృశ్యం ఎంత పొడవున గీతలు పడిందో కారును కొలబద్దగా పెట్టి కొలవండి. షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో కారు ఎంత దూరం పోయిందో సరిగ్గా అంతే వస్తుంది. నాలుగున్నర మీటర్ల కారు అరమీటరు జరిగితే గీతల పొడవు కారు పొడవులో తొమ్మిదో వంతు. లెన్స్ జూమ్ పెంచినా, దూరంగా నిలబడినా ఈ నిష్పత్తి మారదు. పెద్ద లెన్స్ కొంటే వేగం ఎక్కువ కనిపిస్తుందన్న మాట నేనూ కొన్నాళ్లు నమ్మాను. కారును ఫ్రేములో అదే సైజులో ఉంచి తీసి చూస్తే తేడా ఏమీ లేదు.

కాబట్టి 'ప్యానింగ్‌కు 1/60 పెట్టు' లాంటి సలహాలు సగం మాటలే. అక్కడ ఏ కారు పోతోందో చెప్పకుండా ఆ అంకెకు అర్థం లేదు. ఏటా లండన్ నుంచి బ్రైటన్ దాకా జరిగే పరుగులో 1905కు ముందు తయారైన కార్లు మాత్రమే పాల్గొంటాయి. ఇంగ్లండ్‌లో మోటారు బండ్ల వేగ పరిమితిని గంటకు 14 మైళ్లకు పెంచిన సంబరంలో 1896 నవంబర్ 14న జరిగిన ప్రయాణానికి అది గుర్తు. అంత పాత బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, 60లో పోయే కారుకు 1/30తో వచ్చిన గీతలు రావాలంటే 1/15 కావాలి. ముసలి కారుకు ఫొటో తీయడం తేలిక అనుకుంటాం. నిజానికి కారు ఎంత నెమ్మదైతే షట్టర్ అంతసేపు తెరిచి ఉంచాలి, చేయి అంతసేపు తడబడకుండా తిరగాలి.

కెమెరా ఉన్నచోటే ఉండి తిరుగుతోంది కాబట్టి దగ్గరి గడ్డీ దూరపు కొండా దాదాపు ఒకే పొడవున గీతలు పడతాయి. పక్కనే ఇంకో కారులో కూర్చుని తీస్తే ఇలా ఉండదు. రోడ్డు అంచు పూర్తిగా చెరిగిపోతుంది, కొండ మాత్రం కొండలాగే ఉంటుంది. ఫొటోగ్రాఫర్ ఎక్కడున్నాడో ఫొటో చూసే చెప్పేయొచ్చు.

ఇక చక్రం సంగతి. పాత కార్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. నేల మీద దొర్లే చక్రంలో అన్ని భాగాలూ ఒకే వేగంతో కదలవు. నేలను తాకే చోటు ఆ క్షణానికి అసలు కదలదు. పైఅంచు కారుకు రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. కారు 60లో పోతుంటే పైఅంచుది 120. అందుకే కదలని కెమెరాతో తీసిన పాత ఫొటోల్లో కింది చువ్వలు గుర్తుపట్టేలా ఉండి పైవి చెరిగిపోయి కనిపిస్తాయి. ప్యానింగ్‌లో కెమెరా కారుతో పాటే పోతుంది కాబట్టి దాని దృష్టిలో చక్రం ఇరుసు చుట్టూ తిరుగుతుందంతే. చువ్వలు పైనా కిందా ఒకేలా చెదురుతాయి.

ఎంత చెదురుతాయన్నదీ లెక్కే. ఆ కర్ర చక్రం వ్యాసం 80 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత రెండున్నర మీటర్లు. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఆరున్నర చుట్లకు పైనే తిరుగుతుంది. పన్నెండు చువ్వలుంటే రెండిటి మధ్య 30 డిగ్రీలు. 1/1000లో చక్రం రెండున్నర డిగ్రీలు కూడా తిరగదు. నా మొదటి ఫొటోలో అవి లెక్కకు అందింది అందుకే. 1/125లో 19 డిగ్రీలు తిరుగుతుంది. చువ్వలు వెడల్పుగా పొగలా పరుచుకుంటాయి గానీ మధ్యలో ఖాళీలు మిగులుతాయి. 1/60లో 40 డిగ్రీలు, అంటే పక్క చువ్వ జాగాలోకి చొరబడటం. అక్కడ చక్రం ఒక పల్చటి తెరలా మారి, దాని వెనకున్నది మసకగా కనిపిస్తుంది. నా మట్టుకు 1/125 చక్రమే అందం. వెనక దృశ్యానికేమో 1/30 అందం. ఈ రెండింటి మధ్య రాజీ పడటంతోనే సగం రోజు గడిచిపోతుంది.

కారుతో పాటు కెమెరా తిరిగితే కారంతా స్పష్టంగా వస్తుందనుకుంటే అదీ పొరపాటే. కెమెరా ఒకే ఒక కోణీయ వేగంతో తిరగగలదు. కారులో దగ్గరి భాగం ఒక వేగంతో, దూరంగా ఉన్న భాగం ఇంకాస్త తక్కువ వేగంతో మన కంటి ముందు నుంచి పోతుంటాయి. టాప్ లేని పాత స్పోర్ట్స్ కారు 10 మీటర్ల దూరంలో పోతోంది, మన గురి తలుపు మీద ఉంది అనుకుందాం. డ్రైవర్ ముఖం తలుపుకు 80 సెంటీమీటర్లు లోపల ఉంటే, 1/30లో ఆ ముఖం దాదాపు 4 సెంటీమీటర్ల మేర చెదురుతుంది. కన్నూ ముక్కూ కలిసిపోవడానికి అది చాలు. తలుపు మీద రంగుల గీతలు, కంపెనీ గుర్తు కడిగినట్టున్నా మనిషి మాత్రం దెయ్యంలా ఉంటాడు. ఇలాంటివి నా దగ్గర బోలెడున్నాయి, చాలాకాలం ఫోకస్ తప్పిందనుకుని లెన్స్‌ను తిట్టుకున్నాను. కారుకు 20 మీటర్ల దూరం ఉండేలా వెనక్కి జరిగితే ఆ 4 సెంటీమీటర్లు రెండుకు దిగుతాయి. డ్రైవర్ కూర్చునే వైపే నిలబడితే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడైతే నేను గురిని ముఖం మీదే పెడతాను. తలుపు రెండు సెంటీమీటర్లు చెదిరితే ఎవరూ పట్టించుకోరు. వెనక్కి జరగడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. కారు ముక్కు, తోక కూడా నడిమి భాగంతో సరిగ్గా కలిసి పోవు. పది మీటర్ల దగ్గర వెనక దృశ్యపు గీతల్లో దాదాపు 5 శాతం మేర అవీ చెదురుతాయి. ఇరవై మీటర్లకు అది ఒక శాతం చిల్లర.

ఈ తేడాలన్నీ కలగాపులగమై అందమైన ఫొటో ఒకటుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ జాక్ ఆన్రీ లార్తీగ్ 1894లో పుట్టాడు. ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండకముందు, 1910ల మొదట్లో, ఫ్రెంచ్ ఆటోమొబైల్ క్లబ్ వారి గ్రాండ్ ప్రి పందెంలో దూసుకుపోతున్న రేసు కారును తీశాడు. అందులో చక్రం కోడిగుడ్డులా సాగి ముందుకు వాలి ఉంటుంది. వెనక నిలబడ్డ జనం, స్తంభాలు అవతలి దిక్కుకు ఒరిగి ఉంటాయి. ఆ కెమెరా షట్టర్ ఒక సన్నటి చీలిక. అది ఫొటో పడే గాజు ప్లేటు మీదుగా జరుగుతూ దృశ్యాన్ని కొంచెం కొంచెంగా నమోదు చేస్తుంది. ముందు నేల, చివర్న పైభాగం. చీలిక పైభాగానికి చేరేలోపు కారు ముందుకు జరిగిపోయింది, అందుకని చక్రం ముందుకు వాలింది. మరి జనం ఎందుకు ఒరిగారు? కుర్రవాడు కెమెరాను కారుతో పాటు తిప్పాడు గానీ కారంత వేగంగా తిప్పలేకపోయాడు. తిరిగే కెమెరాలో నిలబడ్డ జనం వెనక్కి జారతారు కాబట్టి వారి వాలు వెనక్కి. అంటే ఆ ఒక్క ఫొటోలో చీలిక వేగం, కారు వేగం, చేతి వేగం మూడూ రాసిపెట్టి ఉన్నాయి. ఇప్పటి ఫోన్లలో, కొన్ని కెమెరాల ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ వరుస తర్వాత వరుసగా చదువుతుంది కాబట్టి ఈ వాలు ఇంకా మనతోనే ఉంది. స్తంభాలు నిటారుగా ఉండాలంటే మెకానికల్ షట్టర్‌కు మారడం మేలు.

1950ల కార్లలో క్రోమ్ ఎక్కువ, అద్దాలూ పెద్దవి. ఎండలో అవి మెరిసే తీరు చూడండి. బల్లపరుపు అద్దంలో కనిపించే సూర్యుడు కారుకు చెందినవాడు కాదు, ఎక్కడో దూరాన ఉన్నవాడు. కెమెరా తిరిగితే ఆ మెరుపు కూడా వెనక చెట్లలాగే పొడుగాటి గీతవుతుంది. బంపర్ కొన లాంటి గుండ్రటి క్రోమ్ అలా కాదు. అది సూర్యుణ్ణి చిన్న చుక్కగా చేసి తన ఉపరితలం వెనకే పెట్టుకుంటుంది. కారుతో పాటే ఆ చుక్కా కదులుతుంది కాబట్టి ఫొటోలో చుక్కగానే మిగులుతుంది. ఒంపుల మడ్‌గార్డులు, బుడగల్లాంటి హెడ్‌లైట్లు ఉన్న కార్లు ప్యానింగ్‌లో అంత బాగా రావడానికి ఇదొక కారణం. పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తే అద్దం మీది గీతలు చాలావరకు పోతాయి. క్రోమ్ మెరుపు మీద దాని ఆటలు సాగవు.

మరి చేయి ఎంత కచ్చితంగా తిరగాలి? 20 మీటర్ల దూరంలో 60 వేగంతో పోయే కారును 100 ఎంఎం లెన్స్‌తో 1/30 దగ్గర తీస్తే, పూర్తి సైజు (36 మిల్లీమీటర్ల వెడల్పు) సెన్సర్ మీద వెనక దృశ్యం 2.8 మిల్లీమీటర్లు జారుతుంది. అడ్డంగా 6000 పిక్సెళ్లున్న సెన్సర్‌లో అది దాదాపు 460 పిక్సెళ్లు. చేతి వేగం ఒక్క శాతం తప్పితే కారు నాలుగైదు పిక్సెళ్లు చెదురుతుంది. రెండు శాతం తప్పితే చూడగానే తెలిసిపోతుంది. అదే 1/125లో ఒక శాతం తప్పు ఒక పిక్సెల్‌కు సమానం, ఎవరి కంటికీ ఆనదు. 1/30లో వందకు ఏ అయిదో ఆరో నిలిచాయంటే నాకు ఆ రోజు పండగే.

కంటికీ దాని హద్దులున్నాయి. కదిలేదాన్ని వెంటాడటం మొదలుపెట్టడానికే దానికి సెకనులో పదో వంతు పడుతుంది. సెకనుకు 30 డిగ్రీల దాకా సాఫీగానే వెంటాడుతుంది. వేగం పెరిగేకొద్దీ వెనకబడి చిన్న చిన్న గంతులు వేసి అందుకుంటుంది. ఇరవై మీటర్ల దగ్గర మన కారును వెంటాడాలంటే చూపు సెకనుకు 48 డిగ్రీలు తిరగాలి, పది మీటర్ల దగ్గర 95. అందుకే కారు దూరంగా ఉండగానే పట్టుకోవాలి. షట్టర్ బటన్ ఎక్కడ నొక్కబోతామో ఆ వైపు పాదాలు, కారు వచ్చే వైపు నడుము పెట్టుకుని మెలిక విప్పుకుంటూ రావాలి. నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. నొక్కగానే ఆగిపోవడం అందరూ చేసే తప్పు, నేనింకా చేస్తూనే ఉన్నాను. పైగా అద్దం పైకి లేచే కెమెరాల్లో షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ వ్యూఫైండర్ చీకటి. ఫొటో పడే క్షణం మనకు కనిపించదు.

మధ్యాహ్నపు ఎండలో ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100 పెట్టినా ఎఫ్/16 దగ్గర 1/125 కావాలి. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది. 1/30కి దిగాలంటే ఎఫ్/32 దాకా పోవాలి. అంత చిన్న రంధ్రంలో కాంతి వంగి విస్తరించి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. వెలుగును మూడు స్టాపులు, అంటే మూడుసార్లు సగానికి, కోసే ఎన్‌డీ8 అనే నల్లటి ఫిల్టర్ తగిలిస్తే 1/30కి ఎఫ్/11 సరిపోతుంది. లెన్స్‌లో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్‌కు రెండో మోడ్ ఉంటే అది పెట్టాలి. అది పైకీ కిందికీ ఊగే చేతినే సర్దుతుంది, అడ్డంగా తిప్పడానికి ఎదురు చెప్పదు.

కిందటిసారి తీసినవాటిలో ఒక ఫొటో ఉంది. ఎర్ర రంగు కారు, 1/30, డ్రైవర్ మీసం దాకా తెలుస్తోంది, వెనకంతా పచ్చటి గీతలు. కారుకూ నాకూ సరిగ్గా సగం దూరంలో ఒక కాకి అడ్డొచ్చింది. ఫ్రేము పాడైందనుకున్నాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే కాకి ఒంటి మీద గీతలు లేవు. ఫోకస్ దాని మీద లేదు కాబట్టి కాస్త మెత్తగా ఉంది, రెక్కలు మాత్రమే చెదిరాయి. సగం దూరంలో ఉన్నది సగం వేగంతో ఎగిరితే కెమెరాకు రెండూ ఒకటే. ఆ కాకి కారు వెళ్లే వైపుకే, దాదాపు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోందన్నమాట.