పాత కారు, కొత్త ఇంజిన్: పేచీ అంతా గేర్‌బాక్స్ దగ్గరే

1960ల నాటి అమెరికన్ కార్లయిన జనరల్ మోటార్స్ కమారోలోనో, ఫోర్డ్ మస్టాంగ్‌లోనో కొత్త తరం వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) దించాలనుకునేవాళ్లు ముందు ఇంజిన్ కొనేస్తారు. మాన్యువల్ గేర్‌బాక్స్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. టెన్షన్ మొదలయ్యేది అక్కడే. కారు ఒక కాలానిది, ఇంజిన్ మరో కాలానిది. ఆ రెంటినీ కలపాల్సింది గేర్‌బాక్స్.

అప్పట్లో జనరల్ మోటార్స్ కార్లలో మన్సీ, ఫోర్డ్ కార్లలో టాప్‌లోడర్ అనే నాలుగు గేర్ల పెట్టెలు ఉండేవి. రెంటిలోనూ నాలుగో గేరు నిష్పత్తి 1:1. అంటే ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఒక చుట్టే. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.73 (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 3.73 చుట్లు), టైరు ఎత్తు 26 అంగుళాలు అనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి దాదాపు 3,000 చుట్లు తిరగాలి. పెట్రోలు చవగ్గా దొరికే రోజులు కాబట్టి అదొక సమస్యగా ఎవరికీ తోచలేదు. మన్సీలో ఎం22 రకానికి ‘రాక్ క్రషర్’ అని పేరు. బలం చూసి పెట్టిన పేరనుకుంటారు చాలామంది. నిజానికి గేరు పళ్ల ఏటవాలు తగ్గించడంతో వచ్చే రొద చూసి పెట్టింది.

1973 చమురు సంక్షోభం ఈ లెక్క మార్చేసింది. మరుసటి ఏడాది అమెరికాలో వేగ పరిమితి గంటకు 55 మైళ్లకు దిగింది. 1975లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. ఆ ఒత్తిడిలోంచే ఓవర్‌డ్రైవ్ (షాఫ్ట్ కంటే ఇంజిన్ తక్కువ చుట్లు తిరిగే నిష్పత్తి) ఉన్న ఐదో గేరు మామూలు కార్లలోకి వచ్చింది. బోర్గ్-వార్నర్ టీ5 పెట్టె 1983లో మస్టాంగ్‌లో చేరింది. 0.68 ఓవర్‌డ్రైవ్‌తో ఆ 3,000 చుట్లు కాస్తా 2,040 అవుతాయి. సన్నగా, తేలిగ్గా ఉంటుంది, పాత కారు టన్నెల్‌లో (గేర్‌బాక్స్ కోసం కారు నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) పెద్దగా కోత లేకుండా దూరుతుంది. అందుకే ఇంజిన్ మార్పిడి (స్వాప్) చేసేవాళ్లు దాని వెంట పడ్డారు. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) దగ్గరే చిక్కు. 1990ల మొదట్లో మస్టాంగ్‌కు వేసిన టీ5 తట్టుకోగలిగే టార్క్ 300 పౌండ్-అడుగులు. 1997లో జనరల్ మోటార్స్ స్పోర్ట్స్ కారు కొర్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్1 వీ8 ఇంజిన్ 350 ఇచ్చేది.

1992లో డాడ్జ్ వైపర్ కారుతో ఆరు గేర్ల టీ56 వచ్చింది. 1998 కమారోలో అదే గేర్‌బాక్స్ ఎల్‌ఎస్1 వెనక కూర్చోవడంతో, యాక్సిడెంట్ అయిన బండి ఒకటి దొరికితే చాలు, ఇంజిన్, పెట్టె జంటగా వచ్చేవి. జంట కుదిరింది గానీ పెట్టె లావు. పాత కార్లలో టన్నెల్ కోసి, పైకెత్తి వెల్డింగ్ చేయక తప్పదు. పైగా ఆరో గేరు 0.50. వెనక 3.08 యాక్సిల్ అలాగే ఉంచేస్తే 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ 1,240 చుట్ల దగ్గర మూలుగుతుంది. యాక్సిల్ మార్చకుండా టీ56 కొన్నవాళ్లు ఆరు గేర్లకు డబ్బిచ్చి ఐదే వాడుకుంటున్నట్టు లెక్క.

బోర్గ్-వార్నర్ మాన్యువల్ గేర్‌బాక్స్ వ్యాపారం 1990లలో మెక్సికోలో పుట్టిన ట్రెమెక్ చేతికి వెళ్లింది. ఈ దశాబ్దం మొదట్లో ఆ కంపెనీ పాత కార్ల టన్నెళ్లను దృష్టిలో పెట్టుకుని ఐదు గేర్ల టీకేఎక్స్ తెచ్చింది. 600 పౌండ్-అడుగుల దాకా తట్టుకుంటుంది, పాత కేబుల్ స్పీడోమీటరుకూ పనికొస్తుంది. రోడ్డు మీద తిప్పుకునే కారుకు నా ఓటు దీనికే.

పాత మన్సీనే ఎల్‌ఎస్ (ఎల్‌ఎస్1 కుటుంబపు) ఇంజిన్‌కు తగిలించేవాళ్లూ ఉన్నారు. బోల్టులు దాదాపు అన్నీ కలుస్తాయి, అదే మోసం. ఎల్‌ఎస్ క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్) వెనక అంచు పాతదానికంటే 0.4 అంగుళం లోపలికి ఉంటుంది. క్రాంక్ చివర కూర్చునే తగిన పైలట్ బేరింగ్ వేయకపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొనకు సరైన ఆనిక దొరకదు.

ఏ పెట్టె అయినా బిగించేముందు ఫ్లైవీల్‌కు (క్రాంక్ వెనక బిగించే బరువైన చక్రం) డయల్ గేజ్ (సన్నని తేడాలు కొలిచే పరికరం) తగిలించి, దాని ముల్లును బెల్ హౌసింగ్ (ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను కలిపే గంట ఆకారపు తొడుగు) నడిమి రంధ్రం అంచుకు ఆనించి, క్రాంక్‌ను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. తేడా 0.005 అంగుళం దాటితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులతో (హౌసింగ్‌ను కాస్త పక్కకు జరిపే మేకులు) హౌసింగ్‌ను సరిచేస్తారు. ఈ కొలత తీయకుండా బిగించేస్తే కొన్నాళ్లకు గేరు మొరాయిస్తుంది, నింద కొత్త గేర్‌బాక్స్ మీద పడుతుంది.