"బీపీఎస్ అయింది కదండీ!" – కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. వారానికోసారైనా ఈ మాట వింటాను. బీపీఎస్ అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్, అక్రమంగా కట్టినదాన్ని జరిమానాతో రెగ్యులరైజ్ చేసే పథకం. ఆమధ్య ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకొచ్చి, "బాబూ, బీపీఎస్ అయిపోయింది. ఇక బిల్డింగ్‌కి ఢోకా లేదుగా? పైన పెంట్‌హౌస్ వేద్దామనుకుంటున్నాం" అన్నారు.

అపోహ: రెగ్యులరైజ్ అయిన బిల్డింగ్ గట్టిది.

కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో, మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లో 2015లో వచ్చిన బీపీఎస్, ప్లాన్‌కి మించి కట్టినదానికి జరిమానా కట్టించుకుని కూల్చకుండా వదిలేసే ఏర్పాటు. చూసేది సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎక్కువ కట్టిన చదరపు అడుగులు. పిల్లర్ కొట్టి రాడ్లు లెక్కపెట్టేవాళ్లెవరూ రారు. స్టెబిలిటీ సర్టిఫికెట్ ఉందంటారా? గడప తొక్కకుండా పెట్టిన సంతకాలు చాలానే చూశాను.

పెద్దాయన బిల్డింగ్ వెళ్లి చూశాను. ప్లాన్‌లో మూడంతస్తులు, కట్టింది నాలుగు. కింద మొత్తం పార్కింగే, గోడన్నది లేదు. ఒక పిల్లర్ మూల కవర్ (రాడ్ల మీది కాంక్రీట్ పొర) కొట్టిస్తే, నిలువు రాడ్లను చుట్టి పట్టే రింగుకీ రింగుకీ మధ్య జానెడు సందు. భూకంపాన్ని తట్టుకునేలా కాంక్రీట్ కట్టడాలకు రాసిన కోడ్ ఐఎస్ 13920 ప్రకారం రింగు కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. మేస్త్రీ ఎల్ ఆకారంలో వదిలేశాడు. భూమి ఊగితే ముందు కవర్ రాలుతుంది, తర్వాత రింగు విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు ఉబ్బి బయటికొస్తాయి. 2001 భుజ్ భూకంపానికి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లు చాలావాటికి కింద ఇలాంటి స్టిల్టే, అంటే గోడల్లేని పార్కింగ్ అంతస్తే.

అపోహ: మనవైపు భూకంపాలు రావు.

1969లో భద్రాచలం దగ్గర వచ్చింది. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో వస్తే ఇక్కడిదాకా తెలిసింది. 2016 భూకంప కోడ్ పటంలో విజయవాడ మూడో జోన్, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్నట్టే. ములుగు భూకంపం వచ్చిన పొద్దున నా ఫోన్ ఆగితే ఒట్టు. భయపడి చేసినవాళ్లను ఏమీ అనను. ప్లాస్టర్ మీద వెంట్రుకవాసి బీటలు చాలావరకు ప్రమాదం కాదు. పిల్లర్‌లో, బీమ్‌లో బీటుంటే మాత్రం చూపించండి. "సాయంత్రం మళ్లీ వస్తుందట" అని వాట్సాప్‌లో తోసేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే తెల్లరంగు లాంటి పూత వేసిన పైకప్పు) ఆఫీసులకే.

తెలంగాణ 2023 పాలసీలో 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకూ తప్పనిసరి. చిన్న ఇళ్లవాళ్లు ఇష్టముంటే వేసుకోవచ్చు. లీకేజీ ఆపకుండా తెల్లరంగు కొడితే రెండు వానలకే పొలుసులు లేస్తుంది, అంతే.

పెద్దాయన పెంట్‌హౌస్ మానుకున్నారు. పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ కొత్త రాడ్లు, కాంక్రీట్ తొడుగు), కార్లకు అడ్డం రాకుండా రెండు దిక్కులా ఆర్‌సీసీ గోడలు రాసిచ్చాను. ఎనిమిది ఫ్లాట్లలో ఆరుగురు డబ్బు కట్టారు. మిగతా ఇద్దరిదీ అదే పాట: "బీపీఎస్ అయింది కదండీ!"