ముక్కు పైకెత్తగానే ఎందుకు ఆగింది?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ఎగరేసే చిన్న నమూనా విమానం గురించి రాసిన ఉత్తరం అందింది. చిన్నది అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "నేల మీద అంత జోరుగా తిరిగిన ఇంజిన్, విమానం ముక్కు పైకెత్తి ఎగబాకగానే ఎందుకు ఆగిపోయింది తాతయ్యా? దించి చూస్తే ట్యాంకులో ఇంకా సగం ఇంధనం ఉంది" అని కదా అడిగావు. పెద్దవాడు మాత్రం ఇంధనాన్ని వెలిగించే ప్లగ్ పాడై ఉంటుందని, కొత్తది కొనాలని తేల్చేశాడు. ఏం జరిగినా ముందు ప్లగ్ మీద నింద వేయడం అందరికీ అలవాటే. నా అనుమానం వేరే చోట ఉంది. చిన్నది రాసిన 'సగం' అన్న మాట చూసినప్పుడు ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. అక్కడికి వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

మీది ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. అదెలా పనిచేస్తుందో పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంటుంది, అదంతా మళ్లీ రాయను. ప్రొపెల్లర్ రెండు చుట్లు తిరిగితే లోపల ఒక్కసారే మంట పుడుతుంది, అది గుర్తుంటే చాలు. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో 5,000 సార్లు, అంటే సెకనుకు సుమారు 83 సార్లు ఇంధనం మండుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో చుట్టుకు ఒకసారి మండుతుంది కాబట్టి అదే వేగంలో దాని లెక్క రెట్టింపు. అందుకే అది కీచుమంటుంది, మీది గుమ్మని మోగుతుంది. జపాన్‌కు చెందిన ఓ.ఎస్. సంస్థ 1976లో చిన్న విమానాల కోసం ఈ రకం ఇంజిన్ తెచ్చాక చాలామంది దీని వైపు మళ్లారు. బలం కోసం అని పైకి చెప్పినా, ఎక్కువమంది ఆ గొంతు విని మనసు పారేసుకున్నవాళ్లే. నేనూ వాళ్లలో ఒకణ్ని.

ఇప్పుడు లాంతరు సంగతి చెప్పాలి. నవ్వకండి, దీనితోనే మీ ఇంజిన్ మొత్తం చెప్పేస్తాను.

నా చిన్నప్పుడు ఇంట్లో లాంతరు పని నాది. చిమ్నీలోకి దూరేంత చిన్న చెయ్యి నాదొక్కడిదే కాబట్టి ఆ పని నాకు పడింది. పొద్దు వాలకముందే చిమ్నీ తీసి, పాత గుడ్డ లోపలికి దోపి, తిప్పి తిప్పి తుడవాలి. రాత్రి మా అన్నయ్య చదువుకోవడానికి వెలుగు చాలడం లేదని వత్తిని బాగా పైకి తిప్పేవాడు. కాసేపు గది వెలిగిపోయేది, ఆ తరవాత చిమ్నీ ఒక పక్కంతా నల్లబడేది. నాన్నమ్మ ఏమీ అనకుండా వచ్చి పక్కన కూర్చుని వత్తిని ఒక్క పిసరు దించేది. మంట సన్నగా, తెల్లగా, నిలకడగా వెలిగేది. మసి తుడవాల్సింది నేనే కాబట్టి ఈ తగాదాలో నేనెప్పుడూ నాన్నమ్మ పక్షమే. కానీ అదే నాన్నమ్మ, లాంతరు పట్టుకుని వాకిట్లోకి వెళ్లాల్సి వస్తే మాత్రం, గడప దాటకముందే వత్తిని కాస్త పెంచేది. గదిలో అందంగా వెలిగే సన్నని మంట బయట గాలికి ఆగదని ఆవిడకు తెలుసు.

ఇంధనాన్నీ గాలినీ కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ పక్కన సూది ఉంది చూశారా, అదే లాంతరు వత్తి తిప్పే చక్రం. ఎడమవైపు తిప్పితే ఇంధనం ఎక్కువ వస్తుంది. ఇంజిన్ గొంతు బరువెక్కి, సైలెన్సర్‌లోంచి దట్టంగా పొగ వస్తుంది. కుడివైపు తిప్పేకొద్దీ ఇంధనం తగ్గి గొంతు తేటపడుతుంది, వేగం పెరుగుతుంది. ఒక చోట శిఖరం వస్తుంది. అక్కడి నుంచి ఇంకో మెట్టు తిప్పితే వేగం పెరగకపోగా పడిపోతుంది.

పెద్దవాడు ఆ శిఖరం దగ్గరే సూదిని వదిలేసి ఉంటాడని నా అనుమానం. నేల మీద వినడానికి అది ఎంతో బాగుంటుంది. అది గది లోపలి మంట, పిల్లలూ. విమానం వెళ్లేది వాకిట్లోకి.

'సగం' దగ్గరకు ఇప్పుడు రావచ్చు. లాంతరు నిండుగా ఉన్నప్పుడు వత్తి నూనెను పైకి లాగాల్సిన ఎత్తు తక్కువ. నూనె తగ్గేకొద్దీ ఆ ఎత్తు పెరుగుతుంది, మంట చిన్నబోతుంది. మీ ట్యాంకులోనూ అంతే. మీరు సూది సర్దింది ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు. సగానికి వచ్చేసరికి ఇంధనం మట్టం దిగింది, ఇంజిన్‌కు అందేది తగ్గింది. ఆ సమయంలోనే ముక్కు పైకెత్తారు. అప్పటిదాకా ఇంజిన్ వెనక ఉన్న ట్యాంకు ఇప్పుడు ఇంజిన్ కిందికి వచ్చింది. ట్యాంకు కార్బురేటర్‌కు 15 సెంటీమీటర్లు వెనక ఉంటే, విమానం నిటారుగా నిలిచినప్పుడు ఇంధనం ఆ 15 సెంటీమీటర్లూ పైకి ఎక్కాలి. శిఖరం మీద నిలబెట్టిన ఇంజిన్‌కు తగ్గడానికి చోటెక్కడుంది? ఆగిపోయింది.

అలా ఆగినందుకు సంతోషించండి. ఆగకుండా ఆకలితోనే తిరిగి ఉంటే ఇంకా చెరుపు. లాంతరులో నూనె చాలకపోతే వత్తే కాలిపోతుంది కదా. మీ ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్, అందులోనే ఆముదమో, కృత్రిమ నూనో కలిసి ఉంటుంది. ఈ ఇంజిన్‌కు వేరే నూనె తొట్టి లేదు. పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారిన కాస్త నూనే లోపలి బేరింగులను తడుపుతుంది. ఇంధనం తగ్గిస్తే నూనె కూడా తగ్గినట్టే. వేడి పెరుగుతుంది, తడి తగ్గుతుంది, లోహం అరుగుతుంది. చివరి రెండు వందల చుట్ల కోసం ఆశపడి ఇంజిన్‌నే పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందరికంటే గట్టిగా అరిచేవాడే గొప్పవాడనుకోవడం మనుషుల్లోనూ ఉందనుకోండి, ఆ సంగతి మీ అమ్మ చెబుతుంది.

ఇంత చెప్పాను కాబట్టి ప్లగ్ గురించి కూడా చెప్పనివ్వండి, పెద్దవాడు చిన్నబుచ్చుకోకుండా. దాన్ని విప్పి వెలుతురులో చూడండి. లోపల వెంట్రుక మందాన చుట్టలు చుట్టిన తీగ కనిపిస్తుంది, అందులో ప్లాటినం ఉంటుంది. ఇంజిన్ మొదలుపెట్టేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తారు. ఆ తరవాత బ్యాటరీ తీసేస్తారు, అయినా తీగ ఆరిపోదు. లోపల పుట్టే వేడితో పాటు, మిథనాల్ ఆవిరి తగిలినప్పుడల్లా ప్లాటినం మీద పుట్టే వేడి దాన్ని వెలుగుతూనే ఉంచుతుంది. 1817లో హంఫ్రీ డేవీ ఈ వింతను లోకానికి చెప్పాడు. గని కార్మికులకు ప్రమాదం లేని దీపం కోసం ప్రయోగాలు చేస్తూ, బొగ్గు వాయువూ గాలీ కలిసిన చోట వేడి ప్లాటినం తీగ పెడితే మంట అనేదే లేకుండా తీగ వెలుగుతూ ఉండటం గమనించాడు. చూశారా, నా లాంతరు ఎక్కడిదాకా వచ్చిందో! 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ఇలాంటి తీగతో చేసిన గ్లో ప్లగ్‌ను అమ్మకానికి తెచ్చాడు. అంతకుముందు చిన్న విమానం కూడా నిప్పురవ్వ కోసం బ్యాటరీని, తీగచుట్టను మోసుకుని ఎగరాల్సి వచ్చేది. ప్లాటినానికి ఆ గుణం ఎందుకుందని అడగకండి. ఆ జవాబు ఈ ఉత్తరంలో పట్టదు. తీగను చూసి కాసేపు ఆశ్చర్యపోండి చాలు.

ఇక మీరు చేయాల్సిన పని. ముందు ట్యాంకు. దాని నడిమి గీత కార్బురేటర్ ఇంధన గొట్టానికి సమానంగానో, ఒక సెంటీమీటరులోపు కిందో ఉండాలి. స్కేలు పెట్టి కొలవండి, కంటిచూపుతో సరిపెట్టకండి. ట్యాంకును స్పాంజిలో చుట్టి, ఇంజిన్‌కు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టండి. స్పాంజి లేకపోతే అదురుకు లోపల ఇంధనం నురగ కడుతుంది, ఇంజిన్ నురగను మింగి తడబడుతుంది. సైలెన్సర్ నుంచి ట్యాంకుకు వచ్చే సన్నని గొట్టం ఊడిపోయిందేమో కూడా చూడండి. ఇంధనాన్ని ముందుకు నెట్టడంలో దానికీ వాటా ఉంది. ఇంజిన్ మౌంటు బోల్టులు వదులైనా ఇదే గోల.

తరవాత వాల్వులు, అంటే ఇంజిన్‌లోకి గాలీ ఇంధనమూ వచ్చే, పొగ పోయే దారుల తలుపులు. లాంతరుకు వాల్వులెక్కడివని అంటారేమో, అడుగున గాలి రంధ్రాలుంటాయి! అవి మూసుకుపోతే మంట ఏడుస్తుంది. ఇంతకంటే ఈ పోలికను లాగితే తెగిపోయేలా ఉంది కాబట్టి తిన్నగా చెబుతాను. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్‌కు బ్యాటరీ తగిలించకుండా, తల మీద మూత విప్పండి. ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట బిగువు తగులుతుంది. ఆ బిగువు చివర పిస్టన్ పైకంటా వచ్చినప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. వాల్వును నొక్కే రాకర్ అనే మీట కొనకూ, వాల్వు కాడకూ మధ్య ఉన్న సందును ఫీలర్ గేజ్ రేకుతో కొలవాలి. చాలా ఇంజిన్లలో అది 0.04 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మీ ఇంజిన్‌తో వచ్చిన కాగితంలో ఏముందో అదే ప్రమాణం. మీ నోటుపుస్తకంలో ఒక్క కాగితం మందమే దాదాపు 0.10 అంటే, ఎంత సన్నని సందో ఊహించుకోండి. సందు అసలే లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, బిగువు కారిపోతుంది. రాకర్ మీది స్క్రూతో సందు సర్దాక, దాన్ని నిలిపే చిన్న నట్టు బిగిస్తారు కదా, అప్పుడు స్క్రూ కూడా దానితో పాటు దొంగతనంగా ఒక పిసరు తిరుగుతుంది. అందుకే బిగించాక రేకు మళ్లీ దూర్చి చూడండి. సగంమంది ఈ రెండో కొలత ఎగ్గొడతారు.

అప్పుడు సూది. ట్యాంకు నింపి, ఇంజిన్‌ను కాసేపు వేడెక్కనిచ్చి, ఇంజిన్ వేగాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి శిఖరం ఎక్కడుందో కనుక్కోండి. చుట్లు లెక్కపెట్టే టాకోమీటర్ ఉంటే, ఇంజిన్ వేగం శిఖరం కంటే నిమిషానికి 200 నుంచి 300 చుట్లు తగ్గేదాకా సూదిని ఎడమవైపు తిప్పండి. టాకోమీటర్ లేకపోతే చెవి ఉంది. గొంతు కొంచెం దిగిందని తెలిసేదాకా తిప్పి ఆపండి. నాన్నమ్మ గడప దగ్గర వత్తి పెంచింది ఇంతే. ఎండ బాగా ఉన్న రోజు గాలి పలచబడుతుంది, ఇంధనం కాస్త తక్కువ చాలు. చలి రోజున కాస్త ఎక్కువ కావాలి. కాబట్టి నిన్నటి సర్దుబాటు ఇవాళ్టికి సరిపోతుందని నమ్మకండి. థ్రాటిల్ తగ్గించినప్పుడు పనిచేసే రెండో సూది ఒకటుంది, దాన్ని ప్రస్తుతం ముట్టుకోవద్దు. మెల్లగా తిరుగుతున్న ఇంజిన్‌కు ఒక్కసారిగా థ్రాటిల్ ఇస్తే ఠక్కున ఆగిపోతే ఒక రకం, పొగలు కక్కుతూ బద్ధకంగా లేస్తే ఇంకో రకం. ఏది జరిగిందో రాసిపెట్టుకోండి, తరవాత చూద్దాం.

ఒక మాట మాత్రం బుజ్జగించి కాదు, గట్టిగానే చెబుతున్నాను. సూది తిప్పేవాళ్లు ప్రొపెల్లర్ వెనక ఉండాలి. ముందు గానీ, పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఒక్కోసారి వెనక్కి తన్ని ప్రొపెల్లర్‌ను విసిరేస్తుంది. ఇంధనం చాలని ఇంజిన్ మరీను. అందుకే దానికి రెండు నట్లు ఉంటాయి, ఎగిరే ముందు ప్రతిసారీ రెండూ బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి. మిథనాల్ విషం, పైగా పగటి వెలుగులో దాని మంట కంటికి కనిపించదు. నాన్న పక్కన లేకుండా ఇంజిన్ మొదలుపెట్టవద్దు.

సెలవు రోజున ముగ్గురూ మైదానానికి వెళ్లండి. నాన్న విమానాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండగా ముక్కును ఆకాశం వైపు నిలబెట్టాలి. పదంకెలు లెక్కపెట్టేదాకా మీరు వెనక నిలబడి వినండి. మొదట ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, తరవాత సగమైనప్పుడు. సూది ఇంధనం కాస్త ఎక్కువ వచ్చేలా ఉంటే, ముక్కెత్తినప్పుడు వేగం నిలబడుతుంది, లేదా పిసరంత పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో చిన్నది చెప్పాలి, పైన చదివినదాంట్లోనే ఉంది. అంతా అయ్యాక ట్యాంకులో మిగిలింది తీసేసి, ఇంజిన్‌ను ఆగేదాకా తిప్పి, లోపల నాలుగు చుక్కల నూనె వేయండి. మిథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, అలాగే వదిలేస్తే బేరింగులు తుప్పు పడతాయి.

గొంతు పెరిగిందా, నిలబడిందా, తగ్గిందా అన్నది ఒక్క ముక్కలో రాసి పంపండి. తగ్గితే ఇంకేమీ విప్పకుండా, ట్యాంకు ఎత్తూ, కార్బురేటర్ ఎత్తూ కొలిచి ఆ రెండు అంకెలూ పంపండి. కొత్త ప్లగ్ అప్పటిదాకా కొనవద్దు.

మీ తాతయ్య