పెట్టె మీద హక్కు తీరింది, ఆట మీద తీరలేదు: క్లోన్ కన్సోళ్ల నేపథ్యం

‘400 ఆటలు ఇందులోనే’ అని అమ్మే చవక గేమ్ పెట్టెను స్క్రూలు తీసి చూస్తే లోపల పెద్దగా ఏమీ ఉండదు. ఒక చిన్న బోర్డు, దాని మీద దిష్టిచుక్క పెట్టినట్టు ఓ నల్లటి బొట్టు. గట్టిపడిన ఎపాక్సీ జిగురు అది. దాని కింద ఉన్న ఒక్క చిప్‌లోనే 1983 నాటి నింటెండో ఫామికామ్ కన్సోల్ చేసే పనంతా ఇమిడిపోయింది. లైసెన్సు లేని ఇలాంటి కన్సోళ్లతో రెట్రో గేమింగ్ మార్కెట్ నిండిపోతోందన్న ఆందోళన న్యాయమైనదే. కానీ ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య కాదు. పైగా అన్నిటినీ కలిపి ‘నకిలీలు’ అనేస్తే అసలు తప్పు ఎక్కడుందో కనిపించకుండా పోతుంది.

ఫామికామ్ జపాన్‌లో 1983 జూలై 15న అమ్మకానికి వచ్చింది. దానికి ఆయువుపట్టు రెండు చిప్‌లు, రెండూ రికో కంపెనీ తయారుచేసినవే. ఒకటి లెక్కలూ శబ్దమూ చూసుకుంటుంది, రెండోది తెర మీద బొమ్మ గీస్తుంది. మొదటి చిప్‌కు ఆధారమైన 6502 ప్రాసెసర్ అప్పటికే ఆపిల్ 2 కంప్యూటర్‌లో వాడినదే. అంటే ఇంజనీర్లకు దాని పనితీరు కొత్తేమీ కాదు. దానికి తోడు జపాన్ మోడల్‌కు తాళమే లేదు. అదే కన్సోల్ 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికాకు వెళ్లినప్పుడు మాత్రం ‘10ఎన్‌ఈఎస్’ అనే లాకౌట్ చిప్ పెట్టారు. కార్ట్రిడ్జ్‌లో, అంటే ఆట ఉండే క్యాసెట్‌లో, దాని జోడీ చిప్ ఉంటేనే ఆట నడుస్తుంది. క్లోన్లు, అంటే ఫామికామ్‌కు నకళ్లు, చేసేవాళ్లు ఎక్కువగా 60 పిన్నుల ఫామికామ్ కార్ట్రిడ్జ్‌నే ఎంచుకున్నారు.

తైవాన్‌కు చెందిన యూఎంసీ కంపెనీ ఆ రెండు చిప్‌లకు సరిసాటి చిప్‌లు తయారుచేసింది. అవి దొరికాక మిగిలింది ప్లాస్టిక్ డబ్బా పోత పోయడమే. తర్వాత రెండు చిప్‌లూ కలిసి ఒకటయ్యాయి. ఆ ఒక్కటే ఇందాక చెప్పిన నల్ల బొట్టు కింద ఉన్నది. ఆటగాళ్లు వీటికి ‘ఫామిక్లోన్’ అని పేరు పెట్టుకున్నారు.

వీటి వ్యాప్తికి చవక ధర ఒక్కటే కారణం కాదు. అసలు కంపెనీ అడుగుపెట్టని చోట్ల ఇవే మొదట చేరాయి. రష్యా సంగతే చూడండి. 1992 చివర్లో స్టీప్లర్ అనే కంపెనీ తైవాన్ హార్డ్‌వేర్‌తో ‘డెండీ’ అనే క్లోన్‌ను అమ్మడం మొదలుపెట్టింది. ఏనుగు బొమ్మ దాని గుర్తు. రెండేళ్లు తిరిగేసరికి దాని గురించి టీవీలో ప్రత్యేక కార్యక్రమం కూడా వచ్చేది. 1994లో నింటెండో ఆ కంపెనీ మీద కేసుకు వెళ్లలేదు, ఒప్పందం చేసుకుంది. డెండీ జోలికి రాలేదు, బదులుగా స్టీప్లర్ చేతుల మీదుగా తన తర్వాతి కన్సోల్ సూపర్ నింటెండోను రష్యాలో అమ్మించుకుంది. అక్కడి ఒక తరం పిల్లలకు వీడియో గేమ్ అంటే డెండీయే. వాళ్ల బాల్యాన్ని నకిలీ అని కొట్టిపారేయడం నావల్ల కాదు.

పోలండ్‌లో ‘పెగాసస్’ది ఇదే దారి. బ్రెజిల్‌లో గ్రాడియెంటె కంపెనీ మొదట ‘ఫాంటమ్ సిస్టమ్’ పేరుతో క్లోన్ అమ్మింది, తర్వాత నింటెండోకే అక్కడ అధికారిక భాగస్వామి అయింది. చైనాలో సుబోర్ కంపెనీ కన్సోల్‌కు కీబోర్డు తగిలించి ‘చదువు యంత్రం’ అంటూ అమ్మింది. పిల్లాడు టైపింగ్ నేర్చుకుంటాడని తల్లిదండ్రులు కొన్నారు, పిల్లాడు ఆట కార్ట్రిడ్జ్ పెట్టుకున్నాడు.

ఇక చట్టం. పేటెంట్‌కు ఆయువు సాధారణంగా దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్లు. ఫామికామ్ హార్డ్‌వేర్ పేటెంట్లు 2000ల మొదటి సగంలో కాలం తీరిపోయాయి. ఆ తర్వాత, కంపెనీ పేరూ లోగో వాడుకోకుండా, పాత కార్ట్రిడ్జ్‌లు నడిపే పెట్టెను సొంతంగా తయారుచేసుకోవడంలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అనలాగ్ లాంటి కంపెనీలు ఎఫ్‌పీజీఏ చిప్‌లతో (లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్‌లు) పాత హార్డ్‌వేర్‌ను శ్రద్ధగా తిరిగి కట్టి, అనుమతి లేని ఆటలేవీ లోపల పెట్టకుండా అమ్ముతున్నాయి. అదీ క్లోనే. నా దృష్టిలో గౌరవించదగ్గ పని.

తేడా వచ్చేది పెట్టెలోపలి ఆటల దగ్గర. వాటిని కాపాడేది పేటెంట్ కాదు, కాపీరైట్. 2000ల మధ్యలో కంట్రోలర్ ఆకారంలో ఉండి నేరుగా టీవీకి తగిలించుకునే క్లోన్లు అమెరికా మాల్స్‌లోకి వచ్చినప్పుడు అక్కడి అధికారులు క్రిమినల్ కేసులు పెట్టింది అందుకే. చిప్ ఎవరిదన్నది కాదు, అందులో అనుమతి లేకుండా నింపిన ఆటలు ఎవరివన్నది అక్కడి ప్రశ్న.

2016 నవంబర్‌లో నింటెండో తానే 30 ఆటలతో బుల్లి ఎన్‌ఈఎస్ క్లాసిక్‌ను 60 డాలర్లకు తెచ్చింది. జనం ఎగబడ్డారు, స్టాకు చాలలేదు. 2017 ఏప్రిల్‌లో కంపెనీ దాన్ని ఆపేసి, 2018 జూన్‌లో మళ్లీ తెచ్చింది. ఆ విరామం నకిలీలకు బాగా కలిసొచ్చింది. అచ్చం అదే ఆకారంలో, 620 ఆటలున్నాయని రాసుకున్న పెట్టెలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా వచ్చాయి. అలాంటి లెక్కల్లో ఒకే ఆట పేరు మార్చుకుని పదే పదే కనిపించడం మామూలే.

ఇప్పుడు ఊపు మీదున్నవి చేతిలో పట్టుకునే కన్సోళ్లు. వీటిలో పాత చిప్‌ల నకలు లేదు. ఫోన్లలో వాడే తరహా ప్రాసెసర్, లినక్స్ లేదా ఆండ్రాయిడ్, పైన పాత కన్సోల్‌లా నటించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్. పరికరం వరకూ సమస్య లేదు. దాంతోపాటు వేల ఆటలు నింపిన మెమరీ కార్డు ఇవ్వడమే సమస్య. 2024 నవంబర్‌లో ఇటలీ ఆర్థిక పోలీసులు ట్యూరిన్ నుంచి నడిపిన దర్యాప్తులో దాదాపు 12,000 కన్సోళ్లు పట్టుకున్నారు. వాటిలో 4 కోట్ల 70 లక్షలకు పైగా పైరసీ ఆట కాపీలున్నాయని లెక్క తేల్చారు. ఆ పరికరాల బ్యాటరీలు, కరెంటు సర్క్యూట్లు యూరప్ భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు లేవని కూడా చెప్పారు. పిల్లలు రాత్రంతా చార్జింగ్‌లో పెట్టే వస్తువు ఇది. నాకు కాపీరైట్ కంటే ఆ మాటే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఇంకో అన్యాయం గురించి చాలా తక్కువ మంది మాట్లాడతారు. ఈ ఎమ్యులేటర్లు రాసినవాళ్లలో ఎక్కువమంది జీతం లేకుండా, ఇష్టంతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. స్నెస్9ఎక్స్ అనే సూపర్ నింటెండో ఎమ్యులేటర్ లైసెన్సు దాన్ని వ్యాపారానికి వాడకూడదని స్పష్టంగా చెబుతుంది. ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే రెట్రోఆర్చ్ సాఫ్ట్‌వేర్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది, అంటే దాన్ని మార్చి పంచేవాళ్లు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. ఈ షరతులను పట్టించుకోని అమ్మకందార్లు కోకొల్లలు. 2014లో వచ్చిన రెట్రాన్ 5 అనే క్లోన్ కన్సోల్ విషయంలో రెట్రోఆర్చ్ బృందం ఇదే ఆరోపణను బహిరంగంగా చేసింది. పెద్ద కంపెనీకి లాయర్లున్నారు. రాత్రిళ్లు కూర్చుని కోడ్ రాసినవాళ్లకు ఎవరున్నారు?

అయినా కొనేవాళ్లు తగ్గడం లేదు. ఎందుకంటే అసలు కంపెనీలు అమ్మకపోవడంతో మొదట్లో ఏర్పడిన ఖాళీ ఇంకా అలాగే ఉంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని పాత ఆటల చరిత్రను భద్రపరిచే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. డబ్బు పెడతామన్నా అమ్మేవాళ్లు లేరు. ఇక కాపీరైట్ గడువు చూస్తే, అమెరికాలో కంపెనీల పేరిట వచ్చిన రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌కు ఆ గడువు తీరేది 2080 డిసెంబర్ 31న.